ఎండాకాలం పెళ్లికి గద్వాలా, ధర్మవరమా? పగటికి ఏది, రాత్రికి ఏది

మే నెల వచ్చిందంటే మాకు వరసగా పెళ్లిళ్లే, కర్నూలు ఎండ సంగతి తెలిసిందే కదా, పదకొండు గంటల ముహూర్తానికి షామియానా కింద ఏం కట్టుకొని కూర్చోవాల, అదే రోజు రాత్రి రిసెప్షన్‌కి ఏం కట్టుకోవాల అని ప్రతి ఏడూ మా ఇంట్లో ఇదే పంచాయితీ. మా అత్త ధర్మవరం పట్టు తప్ప ఇంకోటి చీరే కాదంటాది, నేనేమో గద్వాల పక్షం. రెండూ మాకు దూరమేం కాదు. తుంగభద్ర బ్రిడ్జి దాటి హైదరాబాద్ రోడ్డులో ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఎడమకి తిరిగితే గద్వాల, ఇటు కిందికి పోతే అనంతపురం అవతల ధర్మవరం, యాడికైనా పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

గద్వాలలో పూర్తి పట్టు చీరలు కూడా నేస్తారు గానీ నేను చెప్పేది అసలు పాత రకం, ఒళ్లంతా నూలు, అంచులు, కొంగు పట్టు జరీ. అంచుకి వేరే నాడె (మగ్గంలో అడ్డపోగుని అటూ ఇటూ తీసుకుపోయేది), మధ్యకి వేరే నాడె, రెండూ కలిసే చోట పట్టుపోగుకీ నూలుపోగుకీ మెలిక వేసుకుంటా నేస్తారు, మామూలుగా మగ్గం మీద ఇద్దరు కూర్చోవాల. చీర తిప్పి చూస్తే అంచు కలిసే చోట ఆ మెలికలు చేతికి తగుల్తాయి, కొనేటప్పుడు నేను ముందు చూసేది అదే. ధర్మవరం అట్ల కాదు, అంతా పట్టే, పెద్ద అంచు, నిండు కొంగు, కట్టుకుంటే మనిషికే ఒక నిండుతనం వస్తాది, ఆ మాట మా అత్తతో నేనూ ఒప్పుకుంటా.

అయితే పగటి పూట ఎండలో నిండుతనం కంటే ఊపిరాడడం ముఖ్యం కదా. మన సీమ ఎండ పొడి ఎండ, కోస్తా మాదిరి ఉక్కపోత కాదు, నూలు చెమట పీల్చుకుంటే ఆ పొడి గాలికి తొందరగా ఆరిపోతాది, ఆరేటప్పుడే ఒళ్లు చల్లబడతాది, అందుకే మనకి నూలు పనిచేసినంత బాగా ఇంకేదీ పనిచేయదు. పట్టు కూడా తేమ పీలుస్తాది, కానీ దాని మీద జరీ ఎక్కేకొద్దీ బరువు, గాలి ఆడదు, పైగా చెమట పడితే పట్టు రంగు పోతాది, జరీ నల్లబడతాది. రెండేళ్ల కింద మా పిన్నమ్మ కూతురు పెళ్లికి పొద్దున్నే మామిడాకు పచ్చ ధర్మవరం కట్టుకుపోయినా, భోజనాలు వడ్డించే సరికి చంకల దగ్గర జాకెట్టు, నడుము దగ్గర చీర తడిసి ముద్ద, ఇంటికొచ్చి చూస్తే తెల్లగా ఉప్పు గీతలు. డ్రై వాష్‌కి ఇస్తే ఆ షాపాయన మరకతో పాటు రంగు కూడా తీసేసి ఇచ్చినాడు, నడుము దగ్గర ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కుచ్చిళ్లలో దాచుకొని కడతాన్నా. పద్నాలుగు వేల చీర, ఇప్పుడు చూసినా కడుపు తరుక్కుపోతాది.

రాత్రికి మాత్రం లెక్క మారిపోతాది. పసుపు లైట్ల కింద ధర్మవరం జరీ మెరుపు ముందు గద్వాల నూలు కొంచెం డల్‌గానే కనపడతాది, ముఖ్యంగా ఫోటోల్లో. ఏసీ హాలైతే పట్టు కట్టుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు, ఎర్రంచు నీలం, వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ, ఇట్లాంటి ముదురు రంగులన్నీ రాత్రికే పెట్టుకోండి. కానీ రిసెప్షన్ మిద్దె మీదో, ఖాళీ స్థలంలోనో అయితే ఒకసారి ఆలోచించండి, పగలంతా కాగిన బండలు, గోడలు రాత్రి పది దాకా సెగ కక్కుతానే ఉంటాయి. ఇంక నెట్, జార్జెట్ వర్క్ చీరలంటారా, ఎక్కువ భాగం పాలిస్టరే, చెమట పీల్చదు, ఒంటికి అతుక్కుంటాది, నాకైతే ఎండాకాలం వద్దు.

ఒక్కటే కొనేంత డబ్బుంటే ఏది అని అడిగితే, నేను గద్వాలే అంటా. నగలు మారిస్తే గద్వాల రాత్రికి కూడా నిలబడతాది, బరువైన ధర్మవరం మాత్రం మే నెల పగటికి నిలబడదు. అదే కార్తీకం, మాఘమాసం పెళ్లిళ్లయితే నేనే ధర్మవరం అంటా, చలికి ఆ బరువే హాయి.

లోపల వేసుకునే వాటిని మాత్రం ఎవరూ పట్టించుకోరు, అదే పెద్ద తప్పు. గద్వాల కట్టుకొని లోపల శాటిన్ పావడ, జాకెట్టుకి క్రేప్ లైనింగ్ వేస్తే నూలు చీర కట్టి ఏం లాభం? టైలరక్కకి ముందే చెప్పండి, కాటన్ లైనింగ్ వేయమని, అది కూడా ఒకసారి నీళ్లలో తడిపి ఆరేసి ఇవ్వండి, లేకపోతే తర్వాత కుంచించుకపోయి జాకెట్టు పట్టేస్తాది. గద్వాలని ఇంట్లో ఉతకొద్దు, నూలు ముడుచుకుంటాది, పట్టు అంచు ముడుచుకోదు, అంచంతా అలలు అలలు అవుతాది.

కొనేటప్పుడు ఇంకో మాట. రెండు చీరలకీ జీఐ గుర్తింపు (ఆ ఊరి పేరుతో అక్కడి సరుకుకే ఇచ్చే గుర్తింపు) ఉంది గానీ పవర్‌లూమ్ నకళ్లు కూడా అదే పేరుతో అమ్ముతాన్నారు. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే పట్టు అసలుదని అర్థం, జరీ అసలుదని కాదు, చేత్తో నేసిందనీ కాదు, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. లేబుల్ లేకపోతే కొంగు చివర ఒక పట్టుపోగు లాగి కాల్చి చూడండి, వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితే పట్టు, కరిగి గట్టి పూస మాదిరి అయితే పాలిస్టర్.

నగలకి వస్తే పగలు మెడకి పట్టేసే నెక్లెస్ వద్దు, వన్ గ్రామ్ గోల్డ్ అసలే వద్దు, చెమటకి నాలుగు పెళ్లిళ్లకే నల్లబడతాది. సన్న ముత్యాల దండ, చిన్న బుట్టకమ్మలు, గాజులు, చాలు. అదే గద్వాలకి రాత్రి కాసులపేరు, వంకీ, పెద్ద బుట్టలు పెట్టి చూడండి, వేరే చీర అనుకుంటారు. బ్యాగు పగలు కొంచెం పెద్దదే పట్టుకోండి, నీళ్ల సీసా పట్టాల, రాత్రికి చిన్న బట్వా బాగుంటాది.

పూలు కూడా పగటికి ఒకటి, రాత్రికి ఒకటి. మల్లెలు పగలు పెట్టుకుంటే మధ్యాహ్నానికి వాడి ఎర్రబడతాయి, పొద్దున ముహూర్తానికి కనకాంబరాలు పెట్టుకోండి, వాసన లేకపోయినా రోజంతా రంగు పోదు. మల్లెలు మధ్యాహ్నం మొగ్గలుగా కొని తడిగుడ్డలో చుట్టి పెట్టండి, సాయంత్రం జడలో పెట్టుకొని హాలుకి పోయేసరికి ఒక్కొక్కటే విచ్చుకుంటా ఉంటాయి.