ఎస్‌కేఎస్ బ్లూమెల్స్ మడ్‌గార్డులు: ఉప్పు చల్లే చలికాలంలో రోడ్ బైకుకి ముందుగా కొనాల్సినవి

అక్టోబరు దాటిందంటే బ్రిటన్ సైకిల్ షాపుల్లో చైన్ నూనెలు, డీగ్రీజర్లు, సైకిల్ షాంపూలు ముందు వరుసలోకి వస్తాయి. వాటికంటే ముందు కొనాల్సింది చక్రాన్ని నిండుగా కప్పే మడ్‌గార్డుల జత. రోడ్డు మీది ఉప్పునీళ్లు చైను దాకా, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దాకా పోకుండా ఆపేవి అవే. మిగతా సీసాలన్నీ నీళ్లు చేరాక చేసే వైద్యం. ఈ రకంలో ఏళ్ల తరబడి నిలబడ్డ పేరు జర్మనీ కంపెనీ ఎస్‌కేఎస్ చేసే బ్లూమెల్స్. ఇక్కడ ఉద్యోగాల కోసం వచ్చి, రోడ్ బైకు మీద ఆఫీసుకి వెళ్లే తెలుగువాళ్లకి ఏది కొనాలి, ఎలా బిగించాలి, ఎక్కడ తేడా వస్తుంది అన్నది వివరంగా చెప్పుకుందాం. హైదరాబాదులో చలికాలం పొడికాలం కాబట్టి ఉప్పు గొడవ లేదు. అక్కడివాళ్లకి ఇందులో పనికొచ్చేది వానాకాలానికి సంబంధించినంత వరకే.

ముందు ఉప్పు సంగతి. రోడ్డు ఉపరితలం సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుందని అంచనా రాగానే కౌన్సిళ్లు లారీలతో రాతి ఉప్పు చల్లుతాయి, సాధారణంగా చదరపు మీటరుకి 10 నుంచి 20 గ్రాములు. ఇందులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిది. గోధుమరంగులో, మట్టితో కలిసి ఉంటుంది. ఆ మట్టి చైను రోలర్ల మధ్య దూరి గరుకుకాగితంలా అరగదీస్తుంది. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియం మీది రక్షణ పొరని తినేస్తుంది. అల్యూమినియం స్పోకు నిపుల్స్, సీటు పోస్టు, కేబుల్ చివర్లు ముందు దెబ్బతినేది అందుకే. మంచు పడని రోజున కూడా, తడి ఆరని ప్రధాన రోడ్ల మీద ఈ ద్రావణం ఉంటూనే ఉంటుంది.

నీళ్లు ఎటు చిమ్ముతాయో చూస్తే మడ్‌గార్డు విలువ తెలుస్తుంది. ముందు చక్రం నుంచి లేచే జల్లు కింద బూట్లకి, బాటమ్ బ్రాకెట్‌కి, చైనుకి, ముందు వైపు గేర్లు మార్చే డీరెయిలర్‌కి తగులుతుంది. పైన, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మెడ మీద, హ్యాండిల్ తిరగడానికి ఉన్న హెడ్‌సెట్ దిగువ బేరింగుకి తగులుతుంది. బయటికి కనిపించదు కాబట్టి ఆ బేరింగుని ఎవరూ పట్టించుకోరు. మార్చికల్లా హ్యాండిల్ గరగరమని తిరుగుతుంటే కారణం అదే. వెనక చక్రం జల్లు సీటు ట్యూబుకి, వెనక బ్రేకుకి, మీ నడుముకి. సీటు కింద దోపుకునే చిన్న ప్లాస్టిక్ రేకు నడుముని మాత్రమే కాపాడుతుంది, బైకుకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక వస్తువు. బ్లూమెల్స్ రేకు అల్యూమినియం పొరని రెండు వైపులా ప్లాస్టిక్‌తో కప్పి చేసినది. ఒట్టి ప్లాస్టిక్ కంటే ఆకారం నిలుపుతుంది, ఒట్టి అల్యూమినియం కంటే తేలికగా వంగుతుంది. రేకుని ఫ్రేముకి పట్టి ఉంచే కమ్మీలు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఇంగ్లిషు వీ అక్షరం ఆకారంలో వస్తాయి. రోడ్ బైకులకి ముఖ్యమైన వెడల్పులు రెండు: 35 మిల్లీమీటర్లది 20 నుంచి 28 మిల్లీమీటర్ల టైర్లకి, 45 మిల్లీమీటర్లది 28 నుంచి 37 వరకు. 28 టైరు రెండిటికీ హద్దు మీద పడుతుంది. ఫోర్కులో చోటుంటే 45 తీసుకోండి. 35 వేస్తే టైరుకి చెరో వైపు మూడున్నర మిల్లీమీటర్లే మిగులుతుంది. మలుపుల్లో జల్లు పక్కల నుంచి బయటికొచ్చి బూట్ల మీదే పడుతుంది.

మీ బైకుకి పడతాయా లేదా కొనే ముందే కొలవాలి. ఫోర్కు కింది చివర, వెనక ఇరుసు దగ్గర ఎమ్5 మర ఉన్న రంధ్రాలు ఉండాలి. ట్రెక్ డొమానే ఏఎల్, 2023లో వచ్చిన స్పెషలైజ్డ్ అలే లాంటి, దూర ప్రయాణాలకి చేసిన ఎండ్యూరెన్స్ బైకులకి ఉంటాయి, పోటీ బైకులకి సాధారణంగా ఉండవు. టైరు నెత్తికీ ఫోర్కు మెడకీ మధ్య కనీసం 12 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. ఫోర్కు రెండు కాళ్ల మధ్య లోపలి దూరం రేకు వెడల్పు కంటే ఎక్కువుండాలి. రిమ్ముని పట్టి ఆపే రిమ్ బ్రేకులున్న బైకైతే కాలిపర్ రీచ్, అంటే బ్రేకు బిగించిన బోల్టు నుంచి ప్యాడు దాకా ఉన్న దూరం, కూడా చూడాలి. 47 నుంచి 57 మిల్లీమీటర్ల పొడుగు రీచ్ కాలిపర్లుంటే 28 టైరు, పైన రేకు సాధారణంగా పడతాయి. పొట్టి రీచ్ వాటి కింద 25 టైరుకే ఇరుకు. అలాంటప్పుడు బలవంతంగా దూర్చితే రేకు టైరుకి రాసుకుంటూనే ఉంటుంది.

బిగింపు ఒక సాయంత్రం పని. షాపులో చేయించుకున్నా తప్పులేదు గానీ, తర్వాత సర్దుబాట్లు మీరే చేసుకోవాలి కాబట్టి సొంతంగా చేయడమే నయం. కావలసినవి: 4, 5 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు, 8, 10 స్పానర్లు, ఇనుము కోసే రంపం, ఆకురాయి, నీలం రంగు లాక్‌టైట్ 243, కాస్త గ్రీజు, కొన్ని అదనపు ఎమ్5 వాషర్లు. ఫ్రేములో చక్రాలు గాలి కొట్టి ఉండాలి, లేకపోతే ఖాళీ కొలత తప్పుతుంది.

మొదట వెనక చక్రానిది వేయండి. రేకు కింది కొసని బాటమ్ బ్రాకెట్ వెనక ఉన్న అడ్డకడ్డీకి బోల్టుతో పట్టించాలి. పైన సీటు స్టేల, అంటే సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే రెండు గొట్టాల, మధ్య అడ్డకడ్డీకి జరిగే క్లిప్పు వస్తుంది, దాన్ని రేకు మీద చోటు చూసి నొక్కాలి. ఆ తర్వాత కమ్మీలు. అన్నీ వేళ్లతో బిగించి, 8 మిల్లీమీటర్ల ఎలెన్ కీని టైరుకీ రేకుకీ మధ్య పెట్టి చుట్టూ జరుపుతూ రండి. అది ఎక్కడా ఇరుక్కోకుండా, ఎక్కడా మరీ వదులు కాకుండా పోతే ఖాళీ సమంగా ఉన్నట్టు. ఇంతకంటే దగ్గరగా పెడితే చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ తడి ఆకులు, చిన్న రాళ్లు అందులో ఇరుక్కుని గీరుతూ ఉంటాయి.

పని మొత్తంలో కీలకం ఇప్పుడు చెప్పబోయేది. రేకు ఎక్కడా బలవంతంగా వంగి ఉండకూడదు. కమ్మీ రంధ్రం దగ్గరికి నేరుగా చేరకపోతే దాన్ని చేత్తో లాగి బోల్టు బిగించేస్తారు చాలామంది. ఆ ఒత్తిడి అంతా ఫోర్కు మెడ దగ్గరి బ్రాకెట్ మీద, వెనక అడ్డకడ్డీ క్లిప్పు మీద పడుతుంది. గుంతల్లో ప్రతి కుదుపుకీ అక్కడే అలసి, కొన్ని నెలలకి రేకు అడ్డంగా చిట్లుతుంది. బ్లూమెల్స్ విరిగిపోయాయనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే. కమ్మీని విప్పి కావలసిన మేర వంచి పెట్టండి, లేదా మధ్యలో వాషరో, స్పేసరో వేయండి. డిస్క్ బ్రేకు కాలిపర్‌కి కమ్మీ అడ్డొచ్చే వైపు 10 నుంచి 15 మిల్లీమీటర్ల స్పేసరు, దానికి తగ్గ 25 లేదా 30 మిల్లీమీటర్ల బోల్టు అవసరం.

అన్నీ కుదిరాక ఒక్కో బోల్టూ తీసి మరకి లాక్‌టైట్ చుక్క వేసి బిగించండి. అల్యూమినియం ఫ్రేములో ఎమ్5 బోల్టుకి 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు చాలు. కార్బన్ ఫోర్కైతే తయారీదారు ఇచ్చిన అంకెని దాటొద్దు. కమ్మీల మిగులు భాగాన్ని క్లాంపు దాటి 3 మిల్లీమీటర్లు వదిలి కోసి, అంచుని ఆకురాయితో నున్నగా రుద్ది, ఇచ్చిన రబ్బరు టోపీ తొడగాలి. కోయకుండా వదిలేసిన కమ్మీ కొస పిక్కల్ని చీరుతుంది.

ముందు చక్రపు కమ్మీలకి ఎస్‌కేఎస్ ఇచ్చే సెక్యూ-క్లిప్పులు అలంకారం కావు. చక్రానికీ రేకుకీ మధ్య పుల్ల ఇరుక్కుంటే రేకు ముడుచుకుపోయి ముందు చక్రం ఒక్కసారిగా ఆగుతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. ఈ క్లిప్పు అలాంటి లాగుడుకి కమ్మీని వదిలేస్తుంది. కమ్మీ ఊడివచ్చిందని విసుగుపడి దాన్ని జిప్ టైతో కట్టేయడం, లేదా క్లిప్పు తీసేసి నేరుగా బోల్టు వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రెండు వైపులా క్లిప్పులు ముందు చక్రానికే వేశారో లేదో మరోసారి చూసుకోండి.

లోపాలు లేకపోలేదు. పెద్దది ముందు ఫ్లాపు, అంటే రేకు కింది కొసన వేలాడే ముక్క, పొట్టిదనం. మామూలు బ్లూమెల్స్‌తో వచ్చే ఫ్లాపు నేలకి చాలా ఎత్తులో ఆగిపోతుంది, బూట్లు తడుస్తూనే ఉంటాయి, బాటమ్ బ్రాకెట్‌కీ పూర్తి రక్షణ ఉండదు. పొడుగు ఫ్లాపు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. లేకపోతే 2 మిల్లీమీటర్ల రబ్బరు షీటు ముక్కని కోసి, రెండు ఎమ్5 బోల్టులతో, వెడల్పు వాషర్లతో బిగించండి. నేల నుంచి 50, 60 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, ఇంకా దించితే కర్బులు దిగేటప్పుడు తగిలి రేకుని లాగేస్తుంది. క్లబ్బు రైడ్లకి వెళ్లేవాళ్లు వెనక కూడా ఇలాంటిదే వేయాలి. అది మీకోసం కాదు, వెనక చక్రం దగ్గరగా వచ్చే మనిషి ముఖం కోసం. మడ్‌గార్డు లేని బైకుని చలికాలం గుంపులోకి రానివ్వని క్లబ్బులు ఇక్కడ ఉన్నాయి, అది న్యాయమే.

రెండో ఇబ్బంది బూటు కొన రేకుకి తగలడం. 50, 52 సైజు ఫ్రేములు వాడే పొట్టివాళ్లకి ఇది తప్పదు. మెల్లగా పోతూ హ్యాండిల్ బాగా తిప్పినప్పుడే తగులుతుంది, వేగంలో కాదు. అయినా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పడేయడానికి అది చాలు. ఖాళీ స్థలంలో హ్యాండిల్ తిప్పి, ఏ కోణంలో తగులుతుందో ముందే చూసుకుని, మలుపుల్లో ఆ వైపు పెడల్ వెనక్కి ఉంచే అలవాటు చేసుకోవాలి. మూడోది చప్పుడు. కొత్తలో లేని గలగల మొదలైందంటే ఏదో ఒక బోల్టు వదులైనట్టే.

ఫ్రేముకి రంధ్రాలే లేకపోతే ఎస్‌కేఎస్‌దే రేస్‌బ్లేడ్ ప్రో ఎక్స్‌ఎల్ ఉంది, రబ్బరు పట్టీలతో కట్టేది, 25 నుంచి 32 టైర్లకి. నిమిషాల్లో పెట్టి తీసేయవచ్చు. కానీ ఫోర్కు మెడ కింద, బాటమ్ బ్రాకెట్ వెనక రేకు ఉండదు, అంటే సరిగ్గా కాపాడాల్సిన చోట్లు బోసిగా మిగులుతాయి. పట్టీల కింద మట్టి చేరి పెయింటు గీరుతుంది కాబట్టి ముందే పారదర్శక టేపు అంటించాలి. పోర్ట్‌లాండ్ డిజైన్ వర్క్స్ వాళ్ల ఫుల్ మెటల్ అల్యూమినియంవి గట్టివి, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ. బైకు అలాగే ఉంచి పదేళ్లు వాడే ఉద్దేశముంటే అవి, ఏటా వసంతంలో తీసేసేవాళ్లకి బ్లూమెల్స్.

రేకులు వేశాక పని తగ్గుతుంది, పోదు. ఉప్పు రోడ్ల మీద తిరిగివచ్చిన రోజు బకెట్ నీళ్లతో, స్పాంజితో ఫ్రేము, రిమ్ములు, రేకు లోపలి వైపు కడగాలి. ప్రెషర్ వాషర్ బేరింగుల వైపు పెడితే సీళ్లు దాటించి ఉప్పుని మీరే లోపలికి తోసినట్టు. గుడ్డతో చైను తుడిచి, ఆరాక తడి వాతావరణానికి చేసిన వెట్ లూబ్ నూనె రోలరుకి ఒక చుక్క చొప్పున వేసి, రాత్రంతా వదిలి, పొద్దున పైన మిగిలింది తుడిచేయండి. పైన జిడ్డు మిగిలితే మట్టిని పట్టుకునేది అదే. కొత్త చైనులో ఒక అడుగు దూరం, అంటే 304.8 మిల్లీమీటర్లు, ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే 0.5 శాతం అరిగినట్టు. 11, 12 స్పీడు చైనుని అక్కడే మార్చాలి, ఆలస్యం చేస్తే వెనక చక్రపు పళ్లచక్రాల క్యాసెట్ కూడా మార్చాల్సి వస్తుంది. డిస్క్ బ్రేకు ప్యాడ్లలో ఉప్పు, మట్టి కలిస్తే రెజిన్ రకం తొందరగా అరిగిపోతుంది. ప్యాడు మందానికి షిమానో పెట్టిన హద్దు 0.5 మిల్లీమీటరు, అంతకు దిగితే మార్చాలి. రెండు వారాలకోసారి రేకుల బోల్టులన్నీ ఎలెన్ కీతో తడిమి చూడండి, అడ్డకడ్డీల దగ్గర చేరిన ఆకుల ముద్ద తీసేయండి. ఆ ముద్ద ఉప్పుని రోజుల తరబడి తడిగా పట్టి ఉంచుతుంది.

చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు చట్టప్రకారం తప్పనిసరి. డిసెంబరులో లండన్‌లో నాలుగు కాకముందే సూర్యాస్తమయం. రిఫ్లెక్టరుకి వెనక రేకు మంచి చోటు, టైరుకి తగలని పొట్టి బోల్టుతో బిగిస్తే చాలు.

ధర సాధారణంగా జతకి 50 పౌండ్ల లోపే. మీ కంపెనీలో జీతం కోత మీద సైకిల్ ఇప్పించే సైకిల్ టు వర్క్ పథకం ఉంటే మడ్‌గార్డులు కూడా భద్రతా సామగ్రి కిందికే వస్తాయి. బైకు కొటేషన్ రాయించుకునేటప్పుడే అందులో చేర్పించండి, ఒప్పందం మీద సంతకం అయ్యాక అదే జీతం కోతలోకి వాటిని కలపడం కుదరదు.