లైట్‌వాకర్ లేజర్: సిరామిక్ అంటించడానికి కాదు, ఊడదీయడానికి

స్లొవేనియా కంపెనీ ఫొటోనా తయారుచేసే దంతవైద్య యంత్రం లైట్‌వాకర్‌లో రెండు లేజర్లుంటాయి: 2940 నానోమీటర్ల ఎర్బియం యాగ్, 1064 నానోమీటర్ల నియోడిమియం యాగ్. చిగుళ్ల పనిలో, పుచ్చు తీయడంలో దాని సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. సిరామిక్ క్రౌన్ (పంటికి తొడిగే తొడుగు), వెనీర్ల (పంటి ముందు అంటించే పలుచని పొర) లోపలివైపు గరుకుచేసి సిమెంట్ గట్టిగా పట్టేలా చేస్తుందా అన్నదే ప్రశ్న. ఆ ఒక్క పనికోసమైతే కొనకండి.

గాజు కలిసిన సిరామిక్ రకమైన లిథియం డైసిలికేట్‌కు 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 20 సెకన్లు పెడితే చాలు. గాజు భాగం కరిగి స్ఫటికాలు బయటపడతాయి. బాగా కడిగి, ఆరబెట్టి, సిమెంట్‌ను సిరామిక్‌కు కలిపే ద్రవం సైలేన్ 60 సెకన్లు. లేజర్‌తో ఇంత సన్నని గరుకు రాదు. ఎర్బియం కాంతిని బాగా పీల్చుకునేది నీరు. కాల్చిన సిరామిక్‌లో నీరెక్కడిది? శక్తి తగ్గిస్తే పెద్దగా మార్పుండదు, పెంచితే పైపొర కరిగి మళ్లీ నున్నగా గడ్డకడుతుంది, పగుళ్లూ వస్తాయి. నియోడిమియం కాంతినీ తెల్లటి సిరామిక్ సరిగా పీల్చుకోదు. అందుకే ముందు గ్రాఫైట్ పూస్తారు. ఆ మసి మిగిలితే అంటుకునే చోటే పాడవుతుంది.

మరో గట్టి సిరామిక్ జిర్కోనియాలో గాజు లేదు కాబట్టి ఆమ్లం పనిచేయదు. లేజర్ మీద ఆశ పుట్టేది ఇక్కడే. కానీ ఎక్కువ శక్తి వాడితే ఆ వేడికి మచ్చలు పడతాయి, సన్నని పగుళ్లు వస్తాయి, స్ఫటిక నిర్మాణం కూడా మారొచ్చు. 50 మైక్రాన్ల అల్యూమినాతో 1–2 బార్ ఒత్తిడిలో శాండ్‌బ్లాస్టింగ్ (పొడిని ఊది గరుకుచేయడం), ఆపైన జిర్కోనియాకు అతుక్కునే ఎండీపీ ఉన్న ప్రైమర్ పూత: ఇదే నమ్మకమైన దారి. నోట్లో పెట్టి సరిచూసే ట్రయల్‌లో లాలాజలం తగిలాక ఫాస్ఫారిక్ ఆమ్లంతో మాత్రం కడగొద్దు. మిగిలిన ఫాస్ఫేట్ ఎండీపీకి చోటివ్వదు. జిర్కోనియా క్లీనర్ వాడండి, లేదా మళ్లీ బ్లాస్ట్ చేయండి. క్రౌన్ ఊడితే ముందు అనుమానించాల్సింది ఈ మెట్టునే.

ఫెమ్టోసెకండ్ లేజర్ వేరే సంగతి. వేడి పాకేలోపే పల్స్ అయిపోతుంది, గుంటలు శుభ్రంగా పడతాయి. అది ఈ యంత్రంలో లేదు, కుర్చీ పక్కన పెట్టుకునే సరుకూ కాదు.

లైట్‌వాకర్ అసలు విలువ అంటించిన క్రౌన్, వెనీర్లను తీసేటప్పుడు తెలుస్తుంది. ఎర్బియం కాంతి సిరామిక్ గుండా వెళ్లి రెజిన్ సిమెంట్‌లోని నీటిని, గట్టిపడకుండా మిగిలిన మోనోమర్‌ను తాకి పట్టు వదిలిస్తుంది. నీటి స్ప్రే ఆపకుండా, హ్యాండ్‌పీస్ ఒకేచోట నిలపకుండా క్రౌన్ లేదా వెనీర్ ఉపరితలమంతా తిప్పాలి. లేకపోతే పంటి లోపలి పల్ప్ (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం) వేడెక్కుతుంది. వెనీర్ త్వరగా వస్తుంది. మందమైన జిర్కోనియాకు ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే లోపలికి చేరే కాంతి తక్కువ. పగలకుండా వచ్చిన క్రౌన్‌ను శుభ్రంచేసి, బ్లాస్ట్ చేసి, ప్రైమర్ పూసి తిరిగి పెట్టొచ్చు. బర్‌తో (డ్రిల్ మొన) కోస్తే ఆ అవకాశం ఉండదు. లోహం మీద సిరామిక్ ఉన్న క్రౌన్‌కైతే బర్ తప్పదు, లోహం గుండా కాంతి పోదు.

లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాల అంచున రాసిన తరంగదైర్ఘ్యం చూసి పెట్టుకోండి. ఒక లేజర్‌కు సరిపోయే అద్దం రెండోదాన్ని ఆపుతుందని అనుకోకూడదు. రోగికీ, సహాయకురాలికీ ఇదే నియమం.