జెండర్ అఫర్మేషన్ సర్జరీకి ఆరోగ్య బీమా: పాలసీ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

ట్రాన్స్ వ్యక్తులు తమ జెండర్‌కు తగ్గట్టు శరీరాన్ని మార్చుకునేందుకు చేయించుకునేదే జెండర్ అఫర్మేషన్ సర్జరీ. ‘జెండర్ అఫర్మేషన్ సర్జరీకి కవర్ ఉంది’ అని కరపత్రంలో ఒక్క వాక్యం కనిపించినంత మాత్రాన పాలసీ తీసుకోకండి. ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు. కానీ ఏ సర్జరీకి, ఎన్ని దశలకు, ఏ కాగితాలు పెడితే, ఎంత పరిమితి దాకా అన్నది పాలసీ పత్రంలోనే తేలుతుంది. ఇలాంటి పాలసీల మీద మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ప్రధాన సర్జరీ వరకు ఇవి బాగానే ఆదుకుంటాయి. దానికి ముందు జరగాల్సిన ఏర్పాట్లలోనూ, తర్వాత అవసరమయ్యే దిద్దుబాట్లలోనూ చేతులెత్తేస్తాయి. ఆ రెండింటినీ ముందే రాతపూర్వకంగా తేల్చుకున్నవాళ్లకే ఇది పూర్తి పాలసీ.

పాలసీ పత్రం పీడీఎఫ్ తెరిచి వెతికేటప్పుడు ‘జెండర్ అఫర్మేషన్’ అన్న మాట ఒక్కటే చాలదు. పాత పత్రాల్లో ‘లింగ మార్పిడి’ అనో ‘సెక్స్ రీఅసైన్‌మెంట్’ అనో ‘ట్రాన్స్‌సెక్సువలిజం’ అనో ఉంటుంది. కొన్నిట్లో అసలు పేరే లేకుండా ‘సౌందర్య చికిత్సలు’ అన్న పద్దు కింద కలిపేస్తారు. మినహాయింపుల జాబితా చూడండి, ‘వైద్యపరంగా అవసరం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. ఆ తర్వాత, చాలామంది అడగనిది, సంస్థ విడిగా పెట్టుకునే వైద్య ప్రమాణాల పత్రం అడగండి. మీ దరఖాస్తును పరిశీలించే డాక్టరు ఎదురుగా ఉండేది అదే.

మినహాయింపుల్లో ఈ సర్జరీ పేరు స్పష్టంగా ఉంటే, అది ఎంత అవసరమో నిరూపించే ఉత్తరాలు ఎన్ని పెట్టినా ఆ సంస్థ దగ్గర పని జరగడం కష్టం. అది వైద్యం మీద తగాదా కాదు, ఒప్పందంలో రాసుకున్న షరతు. అక్కడ నెలలు పోగొట్టుకునే బదులు, ఉద్యోగం ద్వారా వచ్చిన గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్ దగ్గరకు వెళ్లండి. గ్రూప్ పాలసీలో ఏది ఉండాలో యజమాని అడిగి పెట్టించుకోవచ్చు. రెన్యూవల్‌కు కొన్ని నెలల ముందే ఆ మాట కదపాలి, సంతకాలయ్యాక ఏడాది ఆగాల్సిందే. పాలసీ ఏమీ చెప్పకుండా మౌనంగా ఉంటే మాత్రం దారి ఉన్నట్టే. అప్పుడే ఉత్తరాలకు విలువ.

ఇక దరఖాస్తు. ముందస్తు అనుమతి లేకుండా ‘ముందు డబ్బు కట్టేసి తర్వాత రాబట్టుకుందాం’ అనుకోవడం ఈ సర్జరీలో పెద్ద ప్రమాదం. అనుమతి కోసం పంపే కట్టలో మానసిక ఆరోగ్య నిపుణుల ఉత్తరం, హార్మోన్లు రాసే డాక్టరు ఉత్తరం, సర్జన్ ఉత్తరం, హార్మోన్ల వాడకానికి ఆధారంగా మందుల చీటీలు ఉండాలి. ప్రతి ఉత్తరంలోనూ పాలసీలో ఉన్న పేరే ఉండాలి. వాడుక పేరు వేరైతే రెండూ రాయించండి. రోగ నిర్ధారణ ఏమిటి, ఎంతకాలంగా ఉంది, మనిషి అన్నీ తెలిసి సమ్మతించగల స్థితిలో ఉన్నారా, ఇతర శారీరక, మానసిక సమస్యలు అదుపులో ఉన్నాయా, ఏ సర్జరీ అవసరం అన్నవి విడివిడిగా రావాలి. ‘జెండర్ సర్జరీకి అర్హులు’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఉత్తరం తిరిగొస్తుంది. ‘ద్విపార్శ్వ మాస్టెక్టమీ (రెండు రొమ్ముల తొలగింపు), ఛాతీ పునర్నిర్మాణంతో’ అన్నంత స్పష్టంగా ఉండాలి. తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు మరిచిపోతే అంతే సంగతులు.

ఎన్ని ఉత్తరాలు కావాలన్న దగ్గరే ఎక్కువ గందరగోళం. అంతర్జాతీయంగా ప్రామాణికంగా చూసేది ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల ప్రపంచ సంఘమైన డబ్ల్యూపాత్ మార్గదర్శకాలను. 2022లో వచ్చిన 8వ సంచిక ప్రకారం అర్హత ఉన్న ఒక్క నిపుణుడి ఉత్తరం చాలు. జననాంగ సర్జరీకి రెండు ఉత్తరాలు, 12 నెలల హార్మోన్లు, 12 నెలలు ఆ జెండర్‌లో జీవించడం అన్నవి 7వ సంచిక నాటి షరతులు. కొత్తదానిలో హార్మోన్ల గడువు కనీసం 6 నెలలకు తగ్గింది, అదీ హార్మోన్లు వద్దనుకోనివాళ్లకు, వైద్యపరంగా అడ్డు లేనివాళ్లకు. ఛాతీ తొలగింపుకు హార్మోన్లు తప్పనిసరి అని పాత సంచికలోనూ లేదు. అయినా పాత షరతులనే పట్టుకు వేలాడే పాలసీలు ఇంకా ఉన్నాయి. కొత్త మార్గదర్శకం మన వైపే ఉంది కదా అని ఒక్క ఉత్తరంతో సరిపెట్టకండి. మీ సంస్థ పత్రం రెండు అడిగితే రెండు ఇవ్వండి. వాదన గెలవడం కంటే సర్జరీ తేదీ దక్కడం ముఖ్యం. ఉత్తరం ఎంతకాలం చెల్లుతుందో కూడా అడగండి. సర్జన్ దగ్గర వెయిటింగ్ లిస్టు పొడవుగా ఉంటే, తేదీ వచ్చేసరికి ఉత్తరం పాతబడి మళ్లీ మొదటికొస్తుంది.

రోగ నిర్ధారణ కోడ్ చిన్న విషయంలా కనిపిస్తుంది, క్లెయిం ఆగేది మాత్రం తరచూ అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాలకు కోడ్‌లిచ్చే జాబితా ఐసీడీ. దాని పాత సంచిక ఐసీడీ-10లో ఈ నిర్ధారణ ‘ట్రాన్స్‌సెక్సువలిజం’ పేరుతో ఎఫ్64.0, మానసిక రుగ్మతల అధ్యాయంలో ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో ‘జెండర్ ఇన్‌కాంగ్రువెన్స్’ (జెండర్ పొసగకపోవడం) పేరుతో లైంగిక ఆరోగ్య అధ్యాయానికి మారి హెచ్ఏ60 అయింది. మనిషిని మానసిక రోగిగా చూడడం మానేసిన ఈ మార్పు చాలా గొప్పది. అయితే బీమా సంస్థ సాఫ్ట్‌వేర్ పాత కోడ్‌తోనే నడుస్తుంటే హెచ్ఏ60 తిరస్కారానికి గురవుతుంది. కట్ట పంపకముందే ఏ కోడ్ తీసుకుంటారో ఆసుపత్రి బిల్లింగ్ విభాగాన్ని కనుక్కోమనండి. అన్ని ఉత్తరాల్లోనూ ఒకే కోడ్ ఉండాలి.

సాఫ్ట్‌వేర్ తెచ్చే ఇంకో చిక్కు ఉంది. పాలసీలో జెండర్ ‘పురుషుడు’ అని మార్పించుకున్నాక గర్భసంచి తొలగింపు బిల్లు వెళ్తే, మనిషి కంట పడకుండానే కంప్యూటరు కొట్టేస్తుంది. ట్రాన్స్ మహిళకు ప్రోస్టేట్ పరీక్ష బిల్లు వెళ్లినా అంతే. ఇలాంటిదానికి అప్పీలు రాసుకుంటూ కూర్చోవద్దు. ఇది జెండర్ కాలమ్‌తో పొసగక వచ్చిన తిరస్కారమని చెప్పి, మనిషి చేత పరిశీలింపజేయమని ఆసుపత్రి ద్వారా అడిగించండి. పాలసీలో పేరు, జెండర్ మార్చుకునే పని సర్జరీ అనుమతికి మధ్యలో పెట్టుకోకండి. అయితే ముందు, లేదంటే బిల్లులన్నీ తీరాక.

ఇప్పుడు అసలు బలహీనత దగ్గరకు వద్దాం. వజైనోప్లాస్టీలో (యోనిని నిర్మించే సర్జరీలో) లోపలి మార్గం కట్టడానికి వాడే చర్మం మీది వెంట్రుకలను చాలామంది సర్జన్లు ముందే శాశ్వతంగా తీయించమంటారు. లేకపోతే అవి లోపల పెరిగి ఇబ్బంది పెడతాయి. వెంట్రుకలన్నీ ఒకేసారి ఎదుగుదల దశలో ఉండవు కాబట్టి లేజరైనా, ఎలక్ట్రాలసిస్ (కరెంటుతో వెంట్రుక కుదురును చంపే పద్ధతి) అయినా నెలల తరబడి, అనేక విడతల్లో సాగుతుంది. బీమా సంస్థలు దీన్ని బ్యూటీ పార్లర్ ఖర్చులా చూస్తాయి. ‘ఇది సర్జరీకి ముందు తప్పనిసరి అయిన దశ, ఫలానా చోట, సుమారు ఇన్ని విడతలు’ అని సర్జన్ రాస్తే ఒప్పుకొనే అవకాశం పెరుగుతుంది. మొదటి విడతకు ముందే అనుమతి అడగాలి. ఫాలోప్లాస్టీకి (పురుషాంగాన్ని నిర్మించే సర్జరీకి) చర్మం తీసే ముంజేతికీ ఇదే వర్తిస్తుంది.

ఫాలోప్లాస్టీ సాధారణంగా ఒక్కసారితో అయిపోయే పని కాదు, దశల మధ్య నెలల ఎడం ఉంటుంది. మూత్రనాళం పొడిగించినవాళ్లలో నాళం ఇరుకు కావడం, పక్కకు రంధ్రం పడి మూత్రం కారడం తరచూ కనిపించే చిక్కులు. దశకో అనుమతి కావాలా, ప్రతి అనుమతి గడువెంత, జీవితకాల పరిమితి ఉంటే అది మొదటి దశతోనే హరించుకుపోతుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. దిద్దుబాటు సర్జరీ విషయంలో మాటే కీలకం. ‘ఆకృతి మెరుగుపరచడం’ అని నోట్‌లో పడితే సౌందర్య చికిత్స అయిపోతుంది. మూత్రం కారుతోందా, నొప్పి ఉందా, ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోందా, ఉన్నదున్నట్టు డాక్టరు రికార్డులో ఎక్కించాలి. లేనిది రాయించమని కాదు, ఉన్నది వదిలేయొద్దని.

ముఖ సర్జరీల్లో మార్కులు ఇంకా తక్కువ. డబ్ల్యూపాత్ 8వ సంచిక జాబితాలో అవీ ఉన్నాయి, అయినా సౌందర్య చికిత్సే అని తోసిపుచ్చే పాలసీలు చాలా. సర్జన్ నెట్‌వర్క్‌లో ఉండి మత్తు డాక్టరు లేకపోవడం, డైలేటర్లు (కొత్త మార్గం ఇరుకు కాకుండా వాడే సాధనాలు), ప్రెషర్ బట్టలు (సర్జరీ చోట బిగువుగా వేసుకునేవి) బిల్లులోకి రాకపోవడం లాంటివి కూడా ముందే అడిగి ఉంచండి.

తిరస్కరిస్తే ఫోన్ మాటతో ఊరుకోవద్దు. ఏ షరతు కింద తిరస్కరించారో రాతలో అడగండి. ‘కాగితం చాలలేదు’ అన్నదానికి కాగితం పంపితే సరి, అప్పీలు అక్కర్లేదు. ‘వైద్యపరంగా అవసరం లేదు’ అన్నదానికే అప్పీలు. మీ సర్జన్ నేరుగా సంస్థ డాక్టరుతో మాట్లాడే వీలుందా అడగండి. కొన్ని కేసులు ఆ ఒక్క ఫోన్‌తోనే విడిపోతాయి. అప్పీలు ఒక పేజీ చాలు. వాళ్ల షరతును వాళ్ల మాటల్లోనే ఎత్తిరాసి, దాన్ని నెరవేర్చే ఆధారం ఏ పేజీలో ఉందో కింద చూపించాలి. గడువు తేదీ దాటనివ్వకండి. లోపలి అప్పీళ్లు అయ్యాక అంబుడ్స్‌మన్ వంటి బయటి వ్యవస్థ ఉంటే అక్కడికి వెళ్లండి. ప్రతి ఫోన్‌కూ తేదీ, మాట్లాడినవారి పేరు, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లు పాత రోగ నిర్ధారణను దాచొద్దు. వెయిటింగ్ పీరియడ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన గడువు) పడితే పడనివ్వండి. దాచినట్టు తేలితే పాలసీయే రద్దు కావచ్చు. తల్లిదండ్రుల పాలసీలోనో జీవిత భాగస్వామి పాలసీలోనో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. క్లెయిం వివరాల ఉత్తరాలు పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకే వెళ్తాయి. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు, మొదటి కాగితం పంపకముందే, తమ ఉత్తరాలు వేరే చిరునామాకు లేదా తమ ఈమెయిల్‌కు పంపే వీలుందేమో సంస్థను అడగండి. లేదంటే ఆ విషయం ఇంట్లోవాళ్లకు బీమా కవరే చెప్పేస్తుంది.