ఉప్పు మీద పరుగుకు షెవీ ఎస్‌-10: బండి మంచిదే, బరువు ఎక్కడ పెడతారన్నదే లెక్క

షెవ్రోలే 1982 నుంచి 1993 దాకా అమ్మిన మొదటి తరం ఎస్‌-10 చిన్న పికప్, బోనెవిల్ ఉప్పు మైదానంలో స్పీడు రికార్డుల పరుగుకు పనికొస్తుందా? బాగా పనికొస్తుంది. గంటకు 150 మైళ్ల (241 కి.మీ.) వరకు ఇంత తేలిగ్గా లొంగే చిన్న ట్రక్కు దొరకడం కష్టం. 175 దాటాలంటే వెనక యాక్సిల్ మొత్తం మార్చాలి. 200 మీద కన్నుంటే ఇంజన్ కన్నా ముందు బరువు సంగతి తేల్చుకోవాలి. ఈ బండి ప్రాణం అక్కడే ఉంది.

పరుగు జరిగే చోటు తెలియనివారికి రెండు మాటలు. యూటాలో సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐ-80 హైవే మీద పడమరగా సుమారు 120 మైళ్లు పోతే వెండోవర్, ఆ ఊరి పక్కనే బోనెవిల్. 1937లో పుట్టిన ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) సంస్థ 1949 నుంచి అక్కడ ఆగస్టులో స్పీడ్ వీక్ అనే వేగపు పోటీ నడుపుతోంది. నౌపడ, చినగంజాం మడుల్లో ఉప్పు గళ్లు గళ్లుగా పోగుపడటం చూసినవారు ఆ బొమ్మను పక్కన పెట్టండి. ఇక్కడ ఉప్పు గచ్చులా గట్టిపడి ఉంటుంది, పైపొర కింద చెమ్మ ఉంటుంది. వానలు పడి నీళ్లు నిలిచినా, ఉప్పు పొర పలచబడినా పోటీయే ఉండదు. 2014, 2015, 2022లో స్పీడ్ వీక్ రద్దయింది అందుకే. రికార్డు ఒక్క పరుగుతో రాదు. ముందు ఉన్న రికార్డును దాటాలి, తర్వాత బండిని ఇంపౌండ్‌లో (నిర్వాహకుల కాపలా ఉన్న ఆవరణలో) పెట్టాలి, మర్నాడు పొద్దున మళ్లీ పరిగెత్తాలి. రెండు పరుగుల సగటే లెక్క. ఒక్కసారి గట్టిగా ఉరికి చతికిలపడే ఇంజన్ ఇక్కడ దండగ.

ఏ ఎస్‌-10 కొనాలి

రోడ్డు మీద అందానికి అందరూ పొట్టి తొట్టి బండి వెంట పడతారు. ఉప్పు మీదకి మాత్రం సింగిల్ క్యాబ్, పొడుగు తొట్టి, టూ వీల్ డ్రైవ్ బండి వెతకండి. పొట్టి తొట్టి బండికి చక్రాల మధ్య దూరం 108.3 అంగుళాలు, పొడుగు దానికి 117.9. ఆ తొమ్మిదిన్నర అంగుళాలు బండిని తిన్నగా నడిపిస్తాయి. వెనక పక్క రేకు కూడా పెరుగుతుంది, దాని లాభం కింద చెబుతాను. పైగా వీటికి గిరాకీ తక్కువ.

విడి ఛాసీ మీద బాడీ కూర్చునే బండి కాబట్టి రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవరును కాపాడే ఇనుప పైపుల పంజరం) కాళ్లను నేరుగా ఛాసీకి దింపవచ్చు. ముందు సస్పెన్షన్‌లో చాలా సామాను షెవ్రోలే మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) వారి ఆనాటి మధ్య తరహా కార్లతో కలుస్తుంది, అందుకే బాల్ జాయింట్లు, బ్రేకు డిస్కులు, బండిని రెండంగుళాలు కిందికి దించే స్పిండిళ్లు (ముందు చక్రాలు తిరిగే ఇరుసు ముక్కలు) ఇప్పటికీ దొరుకుతాయి. పై ఆర్మ్ దగ్గర షిమ్ములు (పలచని రేకు బిళ్లలు) మార్చి క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచుకోవాలి. స్టాక్ అమరికతో వేగంలో స్టీరింగ్ తేలిపోతుంది, ఆరేడు డిగ్రీలు ఉంటే చేతిలో బరువు తెలుస్తుంది. వెనక యాక్సిల్ కమాన్ కట్టల కింద ఉంటుంది. దాన్ని కట్టల పైకి మారిస్తే బండి నాలుగైదు అంగుళాలు దిగుతుంది, కానీ హౌసింగ్ (యాక్సిల్ మీది ఇనుప గొట్టం) వెళ్లి ఛాసీకి తగులుతుంది. అక్కడ ఛాసీని వంపుగా కోసి, మందం ప్లేటుతో బలం ఇచ్చి వెల్డింగ్ చేయాల్సిందే.

ఇంజన్: రెండు ఘనపుటంగుళాల తేడా

బండి తరగతి మాడిఫైడ్ మిడ్/మినీ పికప్. అందులో మళ్లీ ఇంజన్ సైజును బట్టి అక్షరాలు. ఎఫ్ అంటే 123 నుంచి 183 ఘనపుటంగుళాలు, ‘ఈ’ అంటే 184 నుంచి 260, డీ అంటే 261 నుంచి 305, సీ అంటే 306 నుంచి 372. ఎస్‌-10తో వచ్చిన 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల వీ6 (173), 2.5 లీటర్ల నాలుగు సిలిండర్లది (151) రెండూ ఎఫ్‌లో పడతాయి. తొలి బండ్లలో వచ్చిన 1.9 ఇసుజు ఇంజన్ (119) ఇంకా కింద, జీలో ఉంటుంది.

చిక్కంతా 1988 నుంచి వచ్చిన 4.3 వీ6తో. దృఢమైన ఇంజన్, సామాను చవక, కానీ సైజు 262. రెండు ఘనపుటంగుళాల తేడాతో ‘ఈ’ తరగతి దాటి డీలో పడుతుంది. డీలో ఎదురుగా ఉండేది 305 వీ8 (ఎనిమిది సిలిండర్లది). 43 అంగుళాలు వదులుకుని పోటీకి దిగడం ఎందుకు? రెండు దారులున్నాయి. ఒకటి, క్రాంక్ మార్చి స్ట్రోకును (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని) 3.48 అంగుళాల నుంచి 3.25కు తగ్గించడం, అప్పుడు 245 అవుతుంది. రెండోది, 1980ల తొలినాళ్ల షెవ్రోలే కార్లలో వచ్చిన 229 వీ6 బ్లాకును వెతికి పట్టడం. వీ8 కావాలంటే షెవ్రోలే వారి 350 స్మాల్ బ్లాక్ ఇంజన్ ఇందులో సరిపోతుంది, 4.3 దాని తమ్ముడే కాబట్టి మౌంట్ల పని తేలిక. ఎడమ హెడర్ (పొగ బయటికి పోయే) పైపు స్టీరింగ్ షాఫ్టుకు తగలకుండా చూసుకోవడమే కష్టం.

డ్రాగ్ రేసు (కొద్ది దూరం నేరుగా ఉరికే పోటీ) ఇంజన్ అనుభవం ఇక్కడ మోసం చేస్తుంది. అక్కడ ఫుల్ థ్రాటిల్ పది సెకన్లు. ఇక్కడ మూడు మైళ్ల ట్రాక్ మీదే నిమిషం దాటుతుంది. పెట్రోలు పంపు, లైను చిన్నవైతే రెండో మైలు దగ్గర గాలిలో పెట్రోలు పాలు తగ్గి పిస్టన్ కరుగుతుంది. దీనికి తోడు మైదానం 4,200 అడుగుల ఎత్తున ఉంది, ఆగస్టు ఎండలో గాలి 6,000 అడుగుల పైన ఉన్నంత పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ఆరో వంతు బలం పోగొట్టుకుంటుంది. ఊళ్లో ట్యూన్ చేసిన కార్బురేటర్ అక్కడ పొగ కక్కుతుంది. రెండు మూడు నంబర్లు చిన్న జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలు పారే కంత ముక్కలు) సంచిలో ఉండాలి.

ఎంత బలం కావాలి? డ్రాగ్ (గాలి నిరోధం) గుణకం 0.45, ముందు వైశాల్యం 22 చదరపు అడుగులు అనుకుంటే, సముద్రమట్టం గాలిలో గాలిని చీల్చడానికే 150 మైళ్ల దగ్గర సుమారు 230 హార్స్‌పవర్, 200 దగ్గర 540. వేగం మూడో వంతు పెంచడానికి బలం రెండింతలు మించాలి. టైర్లు ఉప్పును నలుపుతూ తినేది దీనికి అదనం.

బరువు

బాణానికి ములుకు ముందు, ఈకలు వెనక. బరువు ముందుండి, గాలి పట్టే భాగం వెనక ఉంటే అది నేరుగా పోతుంది. పికప్ దీనికి తలకిందులు. గాలిని పట్టే క్యాబ్ ముందుంది, వెనక తొట్టి పక్కలు పొట్టిగా ఉన్నాయి. పొడుగు తొట్టి కొనమన్నది అందుకే, ఆ రేకు ఈకల పని చేస్తుంది.

ఇప్పుడు ఉప్పు మీద వెనక చక్రాలు జారుతాయి. జారగానే ఎవరికైనా తోచేది తొట్టిలో సీసం వేయడం. అదే పెద్ద తప్పు. లెక్క చూడండి. బండి 2,700 పౌండ్లు, అందులో 58 శాతం ముందు చక్రాల మీద ఉందనుకుందాం. 400 పౌండ్ల సీసాన్ని వెనక తలుపు దగ్గర, యాక్సిల్‌కు 30 అంగుళాలు వెనక పెడితే వెనక చక్రాల మీద 1,636 పౌండ్లు పడతాయి, అంటే 53 శాతం. పట్టు దొరుకుతుంది, కానీ బాణం తిరగబడింది. పక్కగాలి ఒక్క తోపు తోస్తే బండి వెనకభాగం ముందుకు రావాలని చూస్తుంది. అదే సీసాన్ని సరిగ్గా యాక్సిల్ మీద పెడితే 49.5 శాతం. క్యాబ్ వెనకే, యాక్సిల్‌కు 45 అంగుళాలు ముందు, ఛాసీ పట్టీల మధ్య కింద పెడితే వెనక 1,381 పౌండ్లు, 44.5 శాతం. వెనక చక్రాలకు దాదాపు 250 పౌండ్లు కలిశాయి, ముందు భాగమూ బరువెక్కింది. మొదటి ఓటు దీనికే. అసలు పెట్రోలు ట్యాంకు తీసేసిన జాగా ఇందుకు బాగా కుదురుతుంది. దిమ్మలను ఛాసీకి ప్లేటుతో, గ్రేడ్ 8 (గట్టి రకం) బోల్టులతో బిగించాలి. ఇసుక బస్తాలు, తాళ్లు అసలు వద్దు. ప్రతి మార్పు తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచండి, అంచనాలు నమ్మకండి.

తొట్టి వెనక తలుపు దించితే గాలి సాఫీగా పోతుందని చాలామంది నమ్మకం. నిజం వేరు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ దిండులా నిలుస్తుంది, పైగాలి దాని మీదుగా జారుతుంది. దించితే ఆ దిండు చెదిరి డ్రాగ్ పెరుగుతుంది. తొట్టి మీద మూత వేయవచ్చా లేదా అన్నది ఆ ఏటి రూల్ పుస్తకంలో మీ తరగతి కింద చూసి గాని రేకు కోయకండి.

వెనక యాక్సిల్, గేరు

కంపెనీ ఇచ్చిన 7.5 అంగుళాల హౌసింగ్‌లో యాక్సిల్ షాఫ్టును లోపల ఒక చిన్న సీ-క్లిప్ పట్టి ఉంచుతుంది. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. 31 స్ప్లైన్ల (షాఫ్టు చివరి పళ్ల) ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 అంగుళాల యాక్సిల్ చవకగా దొరుకుతుందని చాలామంది వేస్తారు. బలంలో మెరుగే, కానీ అందులోనూ సీ-క్లిప్పే. ఒకేసారి ఖర్చు పెట్టి ఫోర్డ్ 9 అంగుళాలది వేయడం నయం. క్రౌన్-పినియన్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల జత) ముందు నుంచే ఊడి వస్తుంది, నిష్పత్తి మార్చడం అక్కడే గంట పని.

గేరు లెక్క ఇది: ఆర్‌పీఎంను టైరు వ్యాసంతో (అంగుళాల్లో) గుణించి, క్రౌన్ నిష్పత్తిని 336తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. 6,500 ఆర్‌పీఎం, 28 అంగుళాల టైరు, 3.00 నిష్పత్తి, టాప్ గేరు ఒకటికి ఒకటి అయితే 180.6 మైళ్లు. టైమింగ్ చీటీలో 163 వచ్చిందనుకోండి, పది శాతం టైరు జారింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను ప్రతి పరుగుకూ రాసి పెట్టుకుంటే ఇంజన్ చాలడం లేదా, పట్టు చాలడం లేదా అన్నది తెలిసిపోతుంది. పట్టు చాలని బండికి బలం పెంచితే వేగం పెరగదు, వెనక గాడి లోతవుతుంది.

తనిఖీలో ఆగిపోయే చోట్లు

కేజ్ పైపు 1.625 అంగుళాల వ్యాసం, 0.120 మందం తక్కువ కాకుండా. 175 మైళ్లు దాటే బండికి పారాచూట్ తప్పనిసరి. దాని తాడు లాగే గీత బండి గురుత్వ కేంద్రం ఎత్తుకు దగ్గరగా ఉండాలి, లేకపోతే విచ్చుకోగానే వెనక చక్రాలు తేలతాయి. ఇవన్నీ అందరూ చూసుకుంటారు. బండ్లు ఆగేది చిన్నవాటి దగ్గర: థ్రాటిల్‌కు రెండో స్ప్రింగు లేకపోవడం, టైరు వాల్వుకు ఇనుప మూత బదులు ప్లాస్టిక్‌ది ఉండటం, ప్రొపెల్లర్ షాఫ్టు విరిగితే పట్టి ఉంచే లూప్ లేకపోవడం, బయటి మెయిన్ స్విచ్ కట్టేసినా ఆల్టర్నేటర్ వల్ల ఇంజన్ తిరుగుతూనే ఉండటం.

ఇతర బండ్లు

డాడ్జ్ డకోటా పికప్ దీనికన్నా పెద్దది, బరువైనది, తిన్నగా పోతుంది. 2002లో ఇంజన్ల నిపుణుడు గేల్ బ్యాంక్స్ బృందం 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజన్ పెట్టిన డకోటాతో బోనెవిల్‌లో 217 మైళ్ల (349 కి.మీ.) రికార్డు కొట్టింది, తన ట్రైలర్‌ను తానే లాక్కుంటూ వచ్చిన బండి అది. సామాను దొరకడంలో, ఖర్చులో మాత్రం ఎస్‌-10దే పైచేయి. నాలుగు చక్రాలకూ బలం వెళ్లే 1991 జీఎంసీ సైక్లోన్ దీని అన్నే, కానీ చేసిందే మూడు వేల లోపు. దాన్ని ఉప్పులో దించకండి, పాపం.

కొనేముందు, వచ్చాక

క్యాబ్ వెనక మూలలు, తలుపుల కింది పట్టీలు, తొట్టి ముందు భాగం కింద ఛాసీ, ఈ మూడుచోట్లా సుత్తితో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే వదిలేయండి, కేజ్ దిగేది అక్కడికే.

పరుగు అయ్యాక ఉప్పు బండిలోనే ఉంటుంది. రిమ్ముల లోపలి అంచున తడి సున్నంలా గట్టిపడి, తర్వాతి పరుగులో చక్రం అదిరేలా చేస్తుంది. ఒక్కో పరుగుకీ చెక్కపుల్లతో గీకేయాలి. ఇంటికొచ్చాక మంచినీళ్లు, తెల్ల వెనిగర్ కలిపి కింద నుంచి పైకి కడగండి. ఛాసీ మూసి ఉన్న చోట్ల కంతల్లోకి పైపు దూర్చి, రెండో చివర నుంచి నీళ్లు ధారగా వచ్చేదాకా వదలండి. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నే కంతల అంచున తెల్ల చార కనిపిస్తే, మళ్లీ పైపు పెట్టాల్సిందే.