బ్యాంకాక్‌కు పైసలు ఎట్ల పట్టుకుపోతే మేలు: డాలర్లా, బాట్లా, కార్డా?

పాలమూరు, నల్గొండ నుంచి బ్యాంకాక్ పోయినోళ్లు చటుచక్ అంగట్లో చొక్కా మీద 20 బాట్లు (థాయ్‌లాండ్ పైసలు) తగ్గించుకోవడానికి పావుగంట బేరమాడతారు. పొద్దున ఏటీఎంలో పోయిన 435 బాట్లు మాత్రం లెక్కలోకే రావు.

ఆ 435 ఎట్లంటే: అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ఒక్కసారికి 220 బాట్లో, అంతకు మించో కోస్తాయి; 220 అనుకుందాం. మన బ్యాంకులు చాలావరకు 3.5 శాతం మార్కప్ (విదేశీ డబ్బు వాడినందుకు అదనపు కోత), దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. అంటే 4.13 శాతం. 5,000 బాట్లు తీస్తే రెండూ కలిపి దాదాపు 9 శాతం పాయె. ఒకేసారి 20,000 తీస్తే 5 శాతం పైచిలుకు. మార్కప్ లేని కార్డుతో అదే 20,000 తీస్తే పోయేది 1.1 శాతమే. అట్లాంటి కార్డు ఉన్నోళ్లకు ఇంకో ఆలోచన అక్కర్లేదు. మిషన్ రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే మాత్రం వద్దని నొక్కాలి. ఒప్పుకుంటే రేటు వాళ్లిష్టం. వద్దన్నా డబ్బులు వస్తాయి.

మామూలు కార్డే ఉంటే నగదు మేలు. హైదరాబాద్‌లోనే బాట్లు కొంటే పని సులువు గానీ, వాటికి డాలరంత గిరాకీ లేదు, అందుకే రేటులో కోత ఎక్కువ. డాలర్లయితే రెండుసార్లు మార్చాలి. అయినా చాలాసార్లు డాలరే గెలుస్తుంది. తేల్చుకోవడం తేలిక: 45,000 రూపాయలకు ఎన్ని బాట్లు ఇస్తారో, ఎన్ని డాలర్లు ఇస్తారో అడగండి. ఆ డాలర్లను బ్యాంకాక్‌లో డబ్బులు మార్చే సూపర్‌రిచ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆనాటి రేటుతో గుణించండి. ఏది ఎక్కువొస్తే అదే.

బేరం ఆడాల్సింది ఇక్కడ. ఇద్దరు ముగ్గురు మార్పిడిదారులకు ఫోన్ చేసి, ఒకరి రేటు ఇంకొకరికి చెప్పండి. జీఎస్టీ, చార్జీలు అన్నీ పోను చేతికెంతొస్తుందో అడగాలి. ఉత్త రేటు వింటే మోసపోతారు. 500 డాలర్ల మీద అర్ధరూపాయి తగ్గినా 250 రూపాయలు. పాస్‌పోర్టు, టికెట్ వెంట ఉండాలి. 50,000 లోపైతేనే నగదు తీసుకుంటారు, ఆపైన ఖాతా నుంచి కట్టాలి. 100 డాలర్ల నోట్లే అడగండి, చిన్న నోట్లకు బ్యాంకాక్‌లో రేటు తక్కువ. చిరిగినవి, పెన్ను గీతలున్నవి అక్కడ తిప్పికొడతారు.

పాలమూరోళ్లకు శంషాబాద్ దారిలోనే తగులుతుంది గదా అని ఎయిర్‌పోర్టు దాకా ఆగితే రేటు దెబ్బ కొడుతుంది. నల్గొండోళ్లు ఎల్బీనగర్ దాకా వచ్చినప్పుడే ఆ పని ముగించుకోవచ్చు. సువర్ణభూమిలోనూ సామాన్లు వచ్చే హాలు కౌంటర్లు వదిలేసి, కింద రైలు దగ్గరి కౌంటర్లకు పోండి. అక్కడినుంచి నగరంలోని ఫాయా థాయ్ స్టేషన్‌కు రైలు 45 బాట్లే.

మామూలు కార్డే ఉన్న నలుగురి కుటుంబానికి మా ఓటు డాలర్లకే, కార్డు ఆపదకు ఒకటి. మిగిలిన బిళ్లలు వెనక్కొచ్చాక ఎవరూ మార్చరు. ఆఖరి రోజు సెవెన్ ఎలెవెన్‌లో నీళ్లసీసాలకు వాడేయండి.