వీఎంలు వంద దాటాక ఆన్సిబులా, పప్పెట్టా?

పది వీఎంలు (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్లు) ఉన్నంతకాలం వాటి సెట్టింగులు చూసుకోవడానికి ఆన్సిబుల్, పప్పెట్ లాంటి ఏ టూలూ అక్కర్లేదనిపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్లి, పని చూసుకుని బయటికొస్తాం. వంద దాటాకే తిప్పలు మొదలవుతాయి. ఒకే టెంప్లేట్ (నమూనా వీఎం) నుంచి పుట్టినవే అయినా, ఏడాది తిరిగేసరికి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాంట్లో టైమ్ సర్వర్ వేరు, ఇంకోదాంట్లో ఎవరో టెస్టింగ్‌కని పెట్టిన యూజర్ అలాగే ఉండిపోతాడు. టూల్ ఎంచుకునేటప్పుడు అందరూ ఏది సులువని అడుగుతారు. నన్నడిగితే, మన వీఎంలలో చెప్పాపెట్టకుండా చేయి పెట్టేవాళ్లు ఎంతమందో ముందు తేల్చుకోవాలి.

సులువు సంగతికొస్తే ఆన్సిబులే, అందులో వాదన లేదు. 2012లో వచ్చింది, 2015లో రెడ్ హ్యాట్ చేతికి వెళ్లింది. వీఎంలో ఏజెంటు, అంటే లోపలే ఉండి పనిచేసే చిన్న ప్రోగ్రామ్, పెట్టే పని లేదు. లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. ఏ సెట్టింగ్ ఎలా ఉండాలో చెప్పే ప్లేబుక్‌ని యామల్ అనే తేలికపాటి ఫార్మాట్‌లో రాసుకుని మన ల్యాప్‌టాప్ నుంచే నడిపేయొచ్చు. 2005 నాటి పప్పెట్‌కి ఒక సర్వర్ కావాలి, ప్రతి వీఎంలో ఏజెంటు కావాలి, ప్రతి ఏజెంటుకీ తానెవరో సర్వర్‌కి రుజువు చేసుకునే సర్టిఫికెట్ కావాలి. పైగా దాని భాష దానిదే. సర్వర్‌ని మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే జావా హీప్‌కే (అది వాడుకునే మెమరీకే) 2 జీబీ తీసుకుంటుంది. ఇరవై వీఎంలకి ఇంత హంగామా ఎందుకనిపించడం సహజమే. అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్ కోర్సు చేసొచ్చిన కుర్రాడికి ఆన్సిబుల్ కొత్త కాదు. పప్పెట్ అయితే మనమే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాల్సి రావచ్చు.

కానీ అర్ధరాత్రి ఒక ప్రొడక్షన్ సమస్య వచ్చిందనుకోండి. డ్యూటీలో ఉన్నతను తొందరలో ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో రూట్ లాగిన్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్ నేరుగా లోపలికొచ్చే దారి) తెరిచాడు, సమస్య తీర్చాడు, మూయడం మర్చిపోయి పడుకున్నాడు. ఆ సెట్టింగ్ పప్పెట్ చేతిలో ఉంటే, ఏజెంటు మామూలుగా అరగంటకోసారి లేస్తుంది కాబట్టి తెల్లారేలోపే తలుపు మూసేస్తుంది, రిపోర్టులో ఆ సంగతి రాసి పెడుతుంది కూడా. ఆన్సిబుల్ మనం మళ్లీ ప్లేబుక్ నడిపేదాకా కిమ్మనదు. అది మూడు వారాల తర్వాతైనా కావచ్చు.

వీఎంల విషయంలో ఈ తేడా ఇంకా ముదురుతుంది, ఎందుకంటే వీటిని ఆపేస్తాం, క్లోన్ చేస్తాం, స్నాప్‌షాట్‌కి (ముందు దాచుకున్న స్థితికి) వెనక్కి తిప్పేస్తాం. ఆపేసి ఉన్న వీఎం ఆన్సిబుల్‌కి అందదు. "అన్‌రీచబుల్" అని ఎర్రగా చూపించి మిగతావాటి పని చూసుకుంటుంది. నెల తర్వాత ఎవరో దాన్ని ఆన్ చేస్తే పాత సెట్టింగులతోనే లేస్తుంది. స్నాప్‌షాట్‌కి తిప్పినా అంతే, మధ్యలో చేసిన మార్పులన్నీ పోతాయి, ప్లేబుక్‌కి ఆ కబురే ఉండదు. పప్పెట్ ఏజెంటు మాత్రం వీఎం లేవగానే సర్వర్‌ని అడిగి సర్దుకుంటుంది.

అలాగని పప్పెట్‌తో తలనొప్పులు లేవని కాదు. ఏజెంటు ఒకసారి నడిచిన వీఎంని టెంప్లేట్‌గా మార్చి క్లోన్ చేస్తే, దాని సర్టిఫికెట్ కూడా క్లోన్లన్నిటికీ వెళ్లిపోతుంది. కొత్త పేరుకీ పాత సర్టిఫికెట్‌కీ పొంతన కుదరక గొడవ. టెంప్లేట్ చేసేముందు ఏజెంటు సర్టిఫికెట్లు ఉండే ఎస్‌ఎస్‌ఎల్ ఫోల్డర్ ఖాళీ చేయాలి. ఇంకోటి, నిజంగా అత్యవసరమై చేత్తో చేసిన మార్పుని కూడా అది తుడిచేస్తుంది. అందుకని ఏజెంటుని డిసేబుల్ చేస్తారు. మళ్లీ ఎనేబుల్ చేసేవాళ్లే ఉండరు. పైగా మనం రాయనిదాని జోలికి అదీ పోదు. పైన చెప్పిన టెస్టింగ్ యూజర్ గురించి కోడ్‌లో ఏమీ లేకపోతే, పప్పెట్ ఉన్నా అతను హాయిగా అక్కడే ఉంటాడు.

ఆన్సిబుల్ స్లో అనే ఫిర్యాదులో సగం సెట్టింగుల వల్లే. ఒకేసారి ఎన్ని వీఎంలతో మాట్లాడాలో చెప్పే ఫోర్క్స్ మామూలుగా 5 మాత్రమే. వంద వీఎంలు ఐదేసి చొప్పున కదులుతుంటే కాఫీ తాగి రావచ్చు. దాన్ని పెంచండి, ఎస్‌ఎస్‌హెచ్ పైప్‌లైనింగ్ (ఒక్కో పనికి కనెక్షన్ మీద జరిగే రాకపోకల్ని తగ్గించే సెట్టింగ్) ఆన్ చేయండి, తేడా మీకే తెలుస్తుంది. ప్లేబుక్ నిండా షెల్ కమాండ్లు కుక్కే అలవాటు మాత్రం మానుకోవాలి. అవి ప్రతిసారీ "చేంజ్‌డ్" అనే చూపిస్తాయి, నిజంగా ఏది మారిందో అంతుపట్టదు.

ఇదే పని చేసే షెఫ్, సాల్ట్ కూడా ఉన్నాయి. షెఫ్‌కి రూబీ భాష వచ్చి ఉండాలి. సాల్ట్ వేగం నాకు నచ్చుతుంది కానీ, 2020లో దాని మాస్టర్‌లో (వీఎంలన్నిటినీ నడిపే సెంట్రల్ సర్వర్‌లో) బయటపడ్డ సెక్యూరిటీ లోపం తర్వాత దాని 4505, 4506 పోర్టుల్ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు ఆన్సిబుల్‌కే. పప్పెట్‌ని 2022లో పెర్ఫోర్స్ అనే కంపెనీ కొన్నాక, కొత్త ప్యాకేజీలు ఇదివరకటిలా అందరికీ అందుబాటులో పెట్టబోమని 2024 చివర్లో ప్రకటించింది. దాంతో కమ్యూనిటీ వాళ్లు అదే కోడ్‌తో ఓపెన్‌వాక్స్ పేరుతో వేరుపడ్డారు. ఇప్పటికే పప్పెట్‌తో సాఫీగా సాగుతున్నవాళ్లు ఓపెన్‌వాక్స్ వైపు చూడొచ్చు, మొత్తం పీకేయాల్సిన పని లేదు. ఆన్సిబుల్ తీసుకునేవాళ్లు ప్లేబుక్‌ని రోజూ రాత్రి చెక్ మోడ్‌లో నడిచేలా షెడ్యూల్ పెట్టుకోండి. ఏమీ మార్చకుండా, ఎక్కడెక్కడ తేడా ఉందో పొద్దున్నకి చూపిస్తుంది. సరిచేయాలా వద్దా అన్నది టీ తాగుతూ మీరే తేల్చుకోవచ్చు.