ఐరన్ 883: 46 వేల కిలోమీటర్లు తిరిగాక

హార్లీ డేవిడ్‌సన్ ఐరన్ 883, 2018లో కొన్నది. సగం హైదరాబాద్ ట్రాఫిక్, సగం హైవే. ముందే తీర్పు చెప్పేస్తాను: ఇంజను ఇంకో 50 వేలు సులువుగా తిరుగుతుంది. పాతబడిందల్లా దాని చుట్టూ ఉన్న బండే. సస్పెన్షన్, బ్రేకు, ట్యాంకు, ఆఖరికి బోల్టు సైజులు కూడా. బయటి దేశాల కంపెనీలు అమెరికా బళ్లను దాటిపోయింది సరిగ్గా అక్కడే.

ఇంజను సంగతి ముందు. ఈ బండి హార్లీ స్పోర్ట్‌స్టర్ కుటుంబానిది. ఆ పేరు 1957 నాటిది, ఇందులోని ఎవల్యూషన్ ఇంజను 1986 నాటిది. 45 డిగ్రీల వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్లు), బోర్ అంటే సిలిండర్ వెడల్పు 76.2 మి.మీ., స్ట్రోక్ అంటే పిస్టన్ కదిలే దూరం 96.8 మి.మీ. స్ట్రోక్ ఇంత పొడుగు కాబట్టే మూడో గేరులో 40 వేగంతో పోతూ థ్రాటిల్ తిప్పినా మొరాయించకుండా లాగుతుంది. వాల్వుల సందుని ఆయిల్ ఒత్తిడితో తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నాయి కాబట్టి వాల్వ్ క్లియరెన్స్ సరిచేసే పని జీవితాంతం లేదు. ఇన్నేళ్లలో మిగిలిన పెద్ద ఆదా ఇదే. ఐడిలింగ్‌లో (బండి నిలబడి ఇంజను తిరుగుతుంటే) అద్దాలు ఊగుతాయి, 2,500 ఆర్‌పీఎం దాటాక రబ్బరు మౌంట్లు వైబ్రేషన్‌ని మింగేస్తాయి. గంటకు 90-95 దీనికి హాయి. 110 పైన నడిపితే ఆరో గేరు ఎందుకు లేదా అనిపిస్తుంది.

వేడి మాత్రం నిజం. వెనక సిలిండర్ ముందుదాని చాటున ఉంటుంది, గాలి తగలదు. రెండు సైలెన్సర్ పైపులూ కుడివైపే, కాబట్టి కుడి తొడకి సెగ. ఏప్రిల్, మే నెలల్లో రెండు నిమిషాలు దాటే సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేయడమే మందు. ఆయిల్ 20డబ్ల్యూ50 చాలు. మార్చాల్సింది 8,000 కి.మీ.కి అంటారు గానీ, సిటీ వాడకమే ఎక్కువైతే 5,000కే మార్చడం మేలు.

ఈ ఆయిల్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఇది డ్రై సంప్, అంటే ఆయిల్ ఇంజను అడుగున కాకుండా సీటు కింద కుడివైపు వేరే ట్యాంకులో ఉంటుంది. ఫిల్టరుతో కలిపి 2.65 లీటర్లు పడుతుంది. బండి వారం కదలకపోతే ట్యాంకులోంచి కొంత ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజను అడుగు గదిలోకి దిగిపోతుంది. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూస్తే తక్కువ కనిపిస్తుంది. తగ్గిందని అరలీటరు పోస్తారు. ఇంజను తిరగ్గానే దిగిన ఆయిల్ మళ్లీ ట్యాంకులోకి వచ్చేస్తుంది. ఇక ఎక్కువైంది ఎటు పోవాలి? సిలిండర్ హెడ్స్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే) దారిన ఎయిర్ ఫిల్టర్ లోకి. ఫిల్టర్ తడిసి ముద్దవుతుంది, కుడివైపు చుక్కలు కారతాయి, "గాస్కెట్ పోయింది" అని ఎవరో ఒకరు ఇంజను విప్పిస్తారు. సరైన పద్ధతి: పావుగంట నడపాలి, సైడ్ స్టాండు మీద ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపాలి, అప్పుడు చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీతకి ముట్టుకోనక్కర్లేదు.

ప్రైమరీ (ఇంజను నుంచి క్లచ్‌కి శక్తి చేరే గది) ఆయిల్ వేరు. క్లచ్, గేర్‌బాక్సు రెండింటికీ అదే, 950 మి.లీ. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే, రేకుల్లా మెరిసే ముక్కలు ఉంటే ఆగి చూడాలి. ఇంజను వేడెక్కాక న్యూట్రల్ దొరక్కపోతే గేర్‌బాక్సుని అనుమానించకండి, ముందు క్లచ్ సరిచేయండి. బండి పూర్తిగా చల్లారాక కేబుల్ వదులు చేయాలి. క్లచ్ కవరు ఆరు టీ27 (నక్షత్రం గుంట ఉండే టార్క్స్) స్క్రూలతో ఉంటుంది. లోపలి అడ్జస్టర్‌ని గడియారానికి వ్యతిరేకంగా మెల్లగా ఆగేదాకా తిప్పి, అక్కణ్ణుంచి గడియారం తిరిగే వైపు పావు చుట్టు వెనక్కి తేవాలి. తర్వాత లివర్ దగ్గర 1.6 నుంచి 3.2 మి.మీ. ఫ్రీ ప్లే. మొత్తం అరగంట పని. స్పార్క్ ప్లగ్‌లు 6ఆర్12 రకం, గ్యాప్ ఒక మి.మీ. చుట్టుపక్కల.

ఇక్కడ అమెరికా తలనొప్పి మొదలవుతుంది. బోల్టులన్నీ దాదాపుగా అంగుళాల కొలతలే. మన వీధి చివర మెకానిక్కుల దగ్గర ఉండేవి మిల్లీమీటర్ కీలు. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. దాంట్లో 6 మి.మీ. అలెన్ కీ పెడితే దూరుతుంది, తిరుగుతుంది కూడా, ఒకసారి రెండుసార్లు. మూడోసారి బోల్టు తలలోని ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోతాయి, ఇక దాన్ని డ్రిల్ చేసి తీయాల్సిందే. 5/16 అంగుళం 7.94 కాబట్టి 8 మి.మీ. కీని సుత్తితో కొట్టి దూర్చేవాళ్లూ ఉన్నారు. బండి కొన్నరోజే అంగుళాల అలెన్ సెట్టు, టార్క్స్ సెట్టు కొని సీటు కింద కాకపోయినా ఇంట్లోనైనా పెట్టుకోండి. సర్వీసుకి ఇచ్చినా ఆ సంచీ చేతికిచ్చి రండి, మొహమాటం వద్దు.

బెల్ట్ డ్రైవ్ అయితే ముచ్చటైన పని. చైన్ లూబ్ లేదు, రిమ్ముకి జిడ్డు లేదు, చప్పుడు లేదు. దీనికి శత్రువు చిన్న గులకరాయి. బెల్టుకీ వెనక పుల్లీకీ మధ్య ఇరుక్కుంటే పొడుచుకుంటూ పోతుంది. మట్టిరోడ్డు దిగి వచ్చాక వేలితో ఒక చుట్టు తడిమి చూడాలి. వాటర్ వాష్ కుర్రాళ్లు అభిమానంగా చైన్ స్ప్రే కొట్టబోతారు, ఆపండి.

మిగతాది తొందరగా. వెనక షాకులు రెండు అంగుళాలు కూడా దిగవు, స్పీడ్ బ్రేకర్ మీద ఆ దెబ్బ నేరుగా నడుముకే. పొడుగు షాకులు వేస్తే సగం బాధ తీరుతుంది గానీ సైడ్ స్టాండు మీద బండి మరీ వాలుతుంది. ముందు ఒకటే డిస్కు, 250 కిలోల పైచిలుకు బరువు, కాబట్టి వెనక బ్రేకు కూడా కలిపి వాడటం అలవాటు చేసుకోవాలి. ట్యాంకు 12.5 లీటర్లు. హైవేలో లీటరుకి 21 వచ్చినా విజయవాడకి ఒక్క ట్యాంకులో చేరదు, సూర్యాపేటలో టీతోపాటు పెట్రోలూ తప్పదు.

ఈ లోపాలు ఇప్పటివి కావు, అందుకే చరిత్ర కొంచెం చెప్పాలి. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బళ్ల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచింది. జపాన్ కంపెనీలు ఏం చేశాయి? 750 సీసీ బళ్లని 699 సీసీకి తగ్గించి అమ్మకానికి పెట్టాయి. అప్పటికే హోండా ఒహాయోలో, కవాసకి నెబ్రాస్కాలో ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. అమెరికాలో తయారైన హోండా విదేశీ బండా, స్వదేశీ బండా? గోడ కట్టినంత మాత్రాన పోటీ ఆగదని అప్పుడే తేలింది. అయినా ఆ గోడ ఇచ్చిన వ్యవధిలో హార్లీ ఎవల్యూషన్ ఇంజన్‌ని, నాణ్యతని నిలబెట్టుకుంది, 1987లో సుంకం ఇక అక్కర్లేదని తనే అడిగింది. ఆ నీడలో సర్దుకున్నది ఇంజను. షాకులు, బ్రేకులు అలాగే ఉండిపోయాయి.

మన వైపు కథ మామిడిపండ్లతో మొదలైంది. 2007లో ఒప్పందం కుదిరింది: మన మామిడి అమెరికాకి, వాళ్ల హార్లీలు ఇక్కడికి. హర్యానాలోని బావల్‌లో విడిభాగాలు బిగించి అమ్మారు. 2020లో అది మూతపడింది, అమ్మకాలు, సర్వీసు హీరో మోటోకార్ప్ చేతికొచ్చాయి. 2023లో వచ్చిన ఎక్స్440 రాజస్థాన్‌లోని నీమ్రానాలో హీరో తయారీ: 440 సీసీ సింగిల్ సిలిండర్, చైను, మెట్రిక్ బోల్టులు, విడుదల ధర 2.29 లక్షలు. మెకానిక్‌కి సులువు, జేబుకి సులువు. వీ-ట్విన్ లేదు, బెల్టూ లేదు. ట్యాంకు మీద పేరు అమెరికాది, నిత్యం తాకే భాగాలన్నీ ఇక్కడివి. అటు నుంచి చూస్తే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 చెన్నై నుంచి వెళ్లి 2018లో అమెరికాలో 5,799 డాలర్లకే అమ్మకానికి నిలబడింది.

హార్లీ కొత్త దారి రెవల్యూషన్ మ్యాక్స్ ఇంజను. 2021 స్పోర్ట్‌స్టర్ ఎస్‌లో 1,252 సీసీ, 60 డిగ్రీలు, నీళ్ల కూలింగ్, 121 హార్స్‌పవర్. హైడ్రాలిక్ వాల్వ్ పద్ధతినీ బెల్టునీ అందులోనూ ఉంచారు, మంచి తెలివి. కానీ ఇంజనే ఫ్రేములో భాగం, విప్పడం ఇంట్లో అయ్యే పని కాదు. 2025 మోడల్ నుంచి ఈ ఇంజను బళ్లని అమెరికా మార్కెట్‌కి కూడా థాయ్‌లాండ్‌లో చేస్తామని 2024లో ప్రకటించారు. ఎక్కడ చేస్తే ఏంటి అంటాను నేను. పోయేది ఫ్యాక్టరీ కాదు, యజమాని స్వయంగా పానా పట్టే వీలు.

పాత 883 ఎవరైనా అమ్ముతుంటే ఈ మూడు చూసి కొనండి. ఎయిర్ ఫిల్టర్ కవరు తీయించండి, లోపల ఆయిల్ ముద్ద ఉంటే బేరానికి దారి దొరికినట్టే. అలెన్ బోల్టుల తలలు టార్చి వేసి చూడండి, గుండ్రంగా అరిగినవి మూడు నాలుగు ఉంటే ఆ బండిని ఇంకెన్ని చోట్ల 6 మి.మీ. కీతో కెలికారో ఊహించుకోండి. మల్టీమీటర్ పట్టుకెళ్లి బ్యాటరీ మీద పెట్టి, 3,000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. 14 వోల్టుల పైన ఉండాలి. 13.5 దాటకపోతే రెగ్యులేటర్ (ఛార్జింగ్‌ని అదుపు చేసేది) కనెక్టర్ పచ్చబారిందో, ప్రైమరీ లోపలున్న స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిల్) పోయిందో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.